ఎలౌ తీసేసే ముందు

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కంపైలర్ (కోడ్‌ని మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) వార్నింగ్ ఇచ్చినప్పుడు కోడ్ సరిచేయకుండా, పైన ‘ఎలౌ’ (allow) అని ఒక లైను రాసి నోరు మూయించడం అందరం చేసే పనే. ఆ తర్వాత కోడ్ మారిపోతుంది, ఆ లైను మాత్రం అట్లే ఉండిపోతుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి రస్ట్ వచ్చింది 2022 డిసెంబర్లో, 6.1 వెర్షన్‌తో. ఇంత కొత్త కోడ్‌లోనూ అలాంటివి కనిపిస్తాయి. కావలిలో ఎండాకాలం పగలు కెర్నెల్ బిల్డ్ (మొత్తం కోడ్‌ని కంపైల్ చేయడం) పెడితే నా ల్యాప్‌టాప్ తట్టుకోలేదు, అందుకని రాత్రి భోజనాలయ్యాక వాటిని ఏరుతుంటాను.

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, “గ్రెప్ కమాండ్‌తో వెతికి అన్నీ లేపేస్తే పోలా అన్నా?” అన్నాడు.

“లేపెయ్. నీ కాన్ఫిగ్‌లో, అంటే నువ్వు ఆన్ చేసుకున్న ఆప్షన్లతో, శుభ్రంగా బిల్డ్ అవుద్ది. వాటిల్లో ఏదో ఒకటి ఆపేసినోడి దగ్గర పగులుద్ది.”

ఒక ఫంక్షన్ ఉందనుకోండి. దాన్ని పిలిచే కోడ్ ఏదో కాన్ఫిగ్ ఆప్షన్ ఆన్ చేస్తేనే బిల్డ్‌లోకి వస్తుంది. ఆన్‌లో ఉంటే ఏ గొడవా లేదు. ఆఫ్ చేస్తే ఆ ఫంక్షన్‌ని వాడేవాళ్లే ఉండరు, డెడ్ కోడ్ అని కంపైలర్ గోల పెడుతుంది. పైగా ‘వెర్రర్’ (WERROR) ఆప్షన్ పెట్టుకున్నవాళ్లకి వార్నింగ్ కాస్తా ఎర్రరై బిల్డే ఆగిపోతుంది.

అందుకే నేను ముందు ఎలౌని ‘ఎక్స్‌పెక్ట్’ (expect)గా మారుస్తాను. 2024 సెప్టెంబర్‌లో రస్ట్ 1.81తో స్టేబుల్ అయిన సౌకర్యం ఇది. ఎలౌ ఏం జరిగినా పలకదు. ఎక్స్‌పెక్ట్ అట్లా కాదు, రావాల్సిన వార్నింగ్ రాకపోతే “నేనిక్కడ ఎందుకు?” అని అదే అడుగుతుంది. ఆప్షన్ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి బిల్డ్ చేస్తాను, కుదిరితే వేరే ఆర్కిటెక్చర్‌కి (వేరే రకం ప్రాసెసర్‌కి) కూడా. అన్నిచోట్లా అడిగితే ఆ లైను తీసేయొచ్చు. ఎక్కడా అడక్కపోతే ఎక్స్‌పెక్ట్‌గానే ఉంచుతాను. ఒకచోట అడిగి ఇంకోచోట అడక్కపోతే మళ్లీ ఎలౌనే పెట్టాలి, లేదా ఆ కాన్ఫిగ్ షరతు కూడా కలిపి ఎక్స్‌పెక్ట్ రాయాలి.

ప్యాచ్‌లో (నేను పంపే మార్పులో) పోయేది ఒక్క లైనే. ఎప్పుడు అవసరమైంది, ఏ మార్పుతో అవసరం తీరింది అని కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే వివరణలో) రాయడానికే గిట్ బ్లేమ్ (ఏ లైను ఎప్పుడు ఎవరు మార్చారో చూపే కమాండ్) తవ్వుకుంటూ కూర్చోవాలి. నాకు ఈ పనిలో ఇష్టమైన భాగం కూడా అదే.

బైండింగ్స్ (సీ భాషలోని కెర్నెల్ కోడ్‌ని రస్ట్ నుంచి వాడుకోవడానికి ఉండే కోడ్) మీదున్న ఎలౌల జోలికి మాత్రం పోను. అది సీ హెడర్ల నుంచి బైండ్‌జెన్ అనే టూల్ పుట్టించే కోడ్. సీలో పెట్టిన పేర్లు రస్ట్ పద్ధతికి ఎటూ సరిపడవు, అక్కడ ఆ మినహాయింపు ఉండాల్సిందే.