ఏ స్టైల్ కావాలి మేడమ్? మా ఫ్లాట్ ఇంటీరియర్స్‌తో నా అనుభవం

హైదరాబాద్ బాచుపల్లిలో కొన్న ఫ్లాట్ తాళాలు చేతికొచ్చాక ఇంటీరియర్స్‌కి కొటేషన్లు తీసుకోవడం మొదలుపెట్టాం. ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "మేడమ్, మీకు స్కాండినేవియన్ కావాలా, మిడ్ సెంచురీనా, ఇండస్ట్రియలా, ఇండో ట్రెడిషనలా?" ట్యాబ్‌లో బొమ్మలు తిప్పి చూపిస్తారు. చూడ్డానికి అన్నీ బాగానే ఉంటాయి. వాటిలో ఒకదాని మీద వేలు పెట్టి అడ్వాన్సు కట్టేయడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. లక్షలు పోసి చేయించుకుంటున్నాం, ఏళ్ల తరబడి అందులోనే ఉండాలి. అందుకే ఒక్కో స్టైల్ ఎక్కడ పుట్టింది, ఎవరి అవసరం కోసం పుట్టింది అని చదువుకుంటూ పోయాను. అది తెలిశాక మాకేది పనికొస్తుందో తేల్చుకోవడం చాలా సులువైంది.

ముందు స్కాండినేవియన్ సంగతి. మా చుట్టాల్లో సగం మంది ఇళ్లు ఇప్పుడు ఇదే పద్ధతి. స్వీడన్, ఫిన్లాండ్ వైపు చలికాలంలో పగలు కొద్ది గంటలే ఉంటుంది. వచ్చిన ఆ కాస్త వెలుతురూ గదంతా పరుచుకోవాలని వాళ్లు గోడలకు తెలుపు వేసుకున్నారు. కలప కూడా వాళ్ల అడవుల్లో దొరికే బర్చ్, పైన్ లాంటి లేత రంగువే. ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ అల్వర్ ఆల్టో 1933లో రూపొందించిన మూడు కాళ్ల స్టూలు ఇప్పటికీ తయారవుతూనే ఉంది. బర్చ్ చెక్కను వంచి కాళ్లు చేశారు, వాడనప్పుడు ఒకదాని మీద ఒకటి పేర్చేసుకోవచ్చు. మన దగ్గర 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా తెరిచాక ఈ తరహా సామాను ముట్టుకుని చూసే వీలు కలిగింది.

మా హాలు బాల్కనీ పడమర వైపు. డిజైనర్ ఇచ్చిన లామినేట్ (చెక్క మీద అతికించే పలచటి షీటు) ముక్కలు పట్టుకొచ్చి, ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం మూడు దాటాక టీవీ రావలసిన గోడకు వరసగా ఆనించాం. నిగనిగలాడే తెలుపు ఒకటి, అదే తెలుపు మ్యాట్‌లో ఇంకొకటి, పక్కన కలప గీతలున్న లేత గోధుమరంగు షీటు. సోఫా రావలసిన చోట మా అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాసేపటికే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని, "ఆ మెరిసేది తీసెయ్ అమ్మాయ్, కళ్లలో గుచ్చుతోంది" అన్నారు. షోరూములో ఏసీ కింద, తెల్ల లైట్ల కింద అదే ముక్క ఎంత హాయిగా కనపడిందో! వెలుతురు చాలనివాళ్లు చేసుకున్న ఏర్పాటు అది. మా హాలుకు కావలసింది ఎండను మింగే రంగు, మెరుపు లేని ఉపరితలం. అక్కడ గోధుమరంగు షీటే ఖాయం చేశాం. ఉత్తరం వైపు పడగ్గదికి పక్క బ్లాకు అడ్డం వచ్చి పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తుంది, అందుకని అక్కడ మాత్రం తెల్ల గోడలు, లేత చెక్క రంగు పెట్టించాం. ఆ గదికి స్కాండినేవియన్ అచ్చంగా సరిపోయింది.

ఇంటీరియర్స్ చేయించుకునే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదే: శాంపిల్ ముక్కలు ఇంటికి తెచ్చుకోండి, అవి ఏ గోడకు వస్తాయో అదే గోడకు ఆనించి పగలొకసారి, రాత్రొకసారి చూడండి. 6500 కెల్విన్ తెల్ల లైటు కింద ఒకలా కనపడిన చెక్క రంగు 3000 కెల్విన్ పసుపు లైటు కింద వేరేలా ఉంటుంది.

మిడ్ సెంచురీ అంటే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వచ్చిన తరహా. సన్నగా కిందికి దిగే కాళ్లు, తక్కువ నగిషీ, తేలికైన సామాను. కేటలాగులో అమెరికా ఇళ్ల ఫొటోలే ఉన్నాయి గానీ, నాకు నచ్చింది మన చండీగఢ్‌లో జరిగిన పని. 1950ల్లో ఆ నగరం కడుతున్నప్పుడు దానికి ప్లాను గీసిన ఆర్కిటెక్ట్ ల కార్బూజియే దగ్గరి బంధువు పియర్ జెన్నరే అక్కడి ఆఫీసుల కోసం టేకు కుర్చీలు రూపొందించారు. కాళ్లు తిరగేసిన 'వి' ఆకారంలో ఉంటాయి, కూర్చునే చోటూ వీపు ఆనే చోటూ పేము అల్లిక. ఆ తర్వాత పాతసామాను కింద వదిలించుకున్న ఆ కుర్చీలే విదేశాల్లో వేలంపాటల్లో లక్షల ధర పలికాయి. ఆ పేము అల్లికలోంచి వీపుకు గాలి ఆడుతుంది, మన వేసవికి అంతకంటే ఏం కావాలి? డైనింగ్ కుర్చీలు ఆ పద్ధతిలోనే టేకుతో చేయించి పేము అల్లించాం. ఇల్లంతటిలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన సామాను అదే.

ఇండస్ట్రియల్ మా అబ్బాయి కోరిక. న్యూయార్క్ సోహోలో మూతపడ్డ ఫ్యాక్టరీల అంతస్తులు చవగ్గా దొరుకుతుంటే 1960ల్లో ఆర్టిస్టులు వాటిల్లో కాపురం పెట్టారు. డబ్బులు లేక ఇటుక గోడల్నీ పైపుల్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచేశారు. చక్కగా ప్లాస్టరింగ్ చేసి లప్పం పెట్టిన గోడకు ఎదురు డబ్బిచ్చి ఇటుక బొమ్మ అతికించడం వద్దని వాడికి చెప్పాను. వెల్డింగ్ షాపులో ఇనప ఫ్రేము, పైన మందపాటి చెక్కతో స్టడీ టేబుల్ చేయించాం. వాడు దాంతో సంతోషించాడు.

ఎక్కువ సమయం పట్టింది వంటింటికే. మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి మూలం 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది. మార్గరెట్ షుట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ కార్మికుల ఇళ్ల కోసం దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు ఉండే వంటగదిని రూపొందించింది. వంట చేసే మనిషి ఎన్ని అడుగులు నడుస్తోంది, ఎన్నిసార్లు వంగుతోంది అని లెక్క చూసి, రైలు డైనింగ్ కార్లలోని వంటగదుల్ని గమనించి మరీ చేసిన పని. అలాంటివి సుమారు 10,000 అమర్చారు. ఇది చదివాక అల్మరా తలుపుల రంగు సంగతి పక్కన పెట్టి, మా వంటింట్లో ఎవరు ఎక్కడ నిలబడతారో చూసుకున్నాం. అత్తయ్య అయిదడుగుల మనిషి. బిల్డర్ ఇచ్చిన 34 అంగుళాల గట్టు మీద కుక్కర్ మూత తీయాలంటే మునివేళ్ల మీద లేవాలి. స్టవ్ వచ్చే వైపు గట్టు 32కి దింపించాం. గ్రైండర్‌ను ఎత్తి దించే పని లేకుండా దానికి మోకాలి ఎత్తులో అరుగు, పక్కనే ప్లగ్గు. సింకు కింద తడి తప్పదు కాబట్టి అక్కడ నీటికి తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే వాడాలని కొటేషన్‌లో రాయించాం. ఓపెన్ కిచెన్ వద్దన్నాం, ఎండుమిరపకాయల పోపు ఘాటు హాల్లోకి రాకుండా గాజు స్లైడింగ్ తలుపు పెట్టించాం.

ఇండో ట్రెడిషనల్ పేరుతో చూపించినవన్నీ చెక్కిన స్తంభాలు, నీళ్లలో పూలు వేసి పెట్టే ఇత్తడి ఉరళి, ఉయ్యాల బల్ల. గోదావరి వైపు మండువా లోగిలిలో స్తంభాలు నడిమధ్య ఖాళీ చుట్టూ దిగే కప్పును మోస్తాయి. ఆ మండువాలోంచే ఇంటికి గాలీ వెలుతురూ వస్తాయి. ఫ్లాట్‌లో ఏ బరువూ మోయని స్తంభానికి డబ్బు పెట్టడం నాకు నచ్చలేదు. ఆ డబ్బుతో కిటికీలకు పోచంపల్లి ఇక్కత్ కర్టెన్లు కుట్టించి, అత్తయ్య దగ్గరున్న పాత నిర్మల్ పెయింటింగ్‌కు కొత్త ఫ్రేము కట్టించాం.

పూజ చోటుకు మాత్రం ఏ కేటలాగూ అక్కరకు రాలేదు. డిజైనర్ గీసిచ్చింది లామినేట్ పెట్టె, పైన ఫాల్స్ సీలింగ్. రోజూ దీపం వెలిగే చోట లామినేట్ పొంగుతుంది, ఫాల్స్ సీలింగ్‌కు వాడే జిప్సం మసి పట్టి నల్లబడుతుంది. అందుకని కింద నల్ల గ్రానైట్ పలక, వెనక గోడకు తుడిస్తే పోయే టైలు వేయించి, పైన కప్పు ఖాళీగా వదిలేశాం. పలక కింద రెండు సొరుగులు: ఒకదాంట్లో వత్తులు, అగ్గిపెట్టె, కర్పూరం, రెండోదాంట్లో నూనె సీసా. నూనె కారినా చెక్కకు అంటకుండా రెండో సొరుగులో స్టీలు ట్రే పెట్టమన్నది అత్తయ్యే.