ముక్కుపుడక పక్కన పొక్కు

మొదట్లో అది మినపగింజంత కూడా లేదు. ముక్కుకు కుడివైపు, పుడక పక్కనే నల్లగా, నున్నగా చిన్న పొక్కు. పుడక ఒరుసుకుని వచ్చిందనుకున్నా. పుడక తీసేసి, కుట్టు పూడిపోకుండా వేపపుల్ల పెట్టుకున్నా. పసుపు, కొబ్బరినూనె రాశా. పైన చెక్కు కట్టేది. మొహం తుడుచుకుంటే ఊడి చుక్క నెత్తురు వచ్చేది, రెండు రోజులకు మళ్లీ చెక్కు కట్టేది. నొప్పి లేదు, దురద లేదు. నొప్పి లేనిదాన్ని మనం జబ్బు కింద లెక్కేసుకోం.

మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఉపాధి పనుల్లో మేటుగా ఉన్నాను. అంతకు ముందు పదిహేనేళ్లు మామిడి తోటల్లో, టమాటా చేలల్లో కూలికి పోయినదాన్నే. మా వైపు ఎండంటే ఒక్కటే భయం, వడదెబ్బ. మజ్జిగ తాగి, తలకు గుడ్డ చుట్టుకుంటే ఆ భయం తీరిపోతుంది. ఎండ ఇరవై ఏళ్లపాటు మెల్లగా చేసే పని ఒకటుందని మాకెవరూ చెప్పలేదు.

ఊరికి వచ్చే డాక్టరు ఒక ట్యూబు ఇచ్చాడు. రాసినప్పుడల్లా ఎర్రదనం తగ్గేది. తగ్గుతోంది కదా అని ఏడాదిన్నర అదే రాసుకున్నా. సంక్రాంతికి మా అమ్మాయి వచ్చింది. తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది. రాత్రి అన్నం తింటుంటే నా మొహం వైపే చూసి, ఫోన్ లైటు వేసి దగ్గరికి వచ్చింది. మధ్యలో గుంట, చుట్టూ సన్నటి ముత్యాలు పేర్చినట్టు మెరిసే అంచు. "అమ్మా, ఇది పుడక పుండు కాదు. నెల దాటినా మానని పుండు ఏదైనా చూపించాల్సిందే. పద" అంది.

తిరుపతి పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు భూతద్దం లాంటిది ముక్కుకు ఆనించి చాలాసేపు చూశాడు. మత్తు సూది వేసి చిన్న ముక్క తీశారు. రిపోర్టు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులు టెన్షన్‌తో కన్ను మూతపడలేదు. కాణిపాకం వినాయకుడికి మొక్కుకున్నా.

"ఇది చర్మ క్యాన్సరేనమ్మా. బేసల్ సెల్ కార్సినోమా అంటారు" అన్నాడు డాక్టరు. ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు వినపడలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పించుకుంది మా అమ్మాయి. ఇది ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదట. కానీ వదిలేస్తే ఉన్నచోటే తొలుచుకుంటూ లోపలి ఎముక దాకా పోతుందట.

"మేం నల్లటోళ్లం కదా సార్, మాకెందుకొచ్చింది?" అని అడిగా.

"ఆ నలుపే మీకు గొడుగమ్మా. అందుకే తెల్లవాళ్లకంటే మన దగ్గర ఇది చాలా తక్కువ. తక్కువంతే, అసలు రాదని కాదు. రోజంతా ఎండ పడే ముక్కు, బుగ్గలు, కంటి మూలల్లోనే ఎక్కువగా వస్తుంది" అన్నాడు.

తిరుగు బస్సులో మా ఆయన రిపోర్టు కవరు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. చంద్రగిరి దాటాక అన్నాడు, "పుడక పోతే పోయింది. నువ్వుంటే చాలు."

ఆపరేషన్ ముక్కు వరకే మత్తిచ్చి చేశారు. మొహం మీద గుడ్డ, దాని వెనక దీపం వెలుగు, కత్తెర చప్పుడు. పొక్కుతో పాటు చుట్టూ నాలుగు మిల్లీమీటర్లు మంచి చర్మం కూడా తీసి, బుగ్గ మడత దగ్గరి చర్మాన్ని జరిపి కుట్టారు. ఏడో రోజు కుట్లు విప్పారు. అంచుల్లో ఏమీ మిగల్లేదని రిపోర్టు వచ్చింది. ఇంకే మందులూ, రేడియేషన్ కరెంటూ అక్కర్లేదన్నారు. ఒకసారి వచ్చినవాళ్లకు ఇంకోచోట మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆరు నెలలకోసారి పోయి చూపించుకుంటున్నా. ముక్కు పక్కన గీత ఉంది. పుడక కుట్టు ఉన్నచోటు పోయింది, పుడక ఇక పెట్టుకోలేను. మొదట్లో అద్దం ముందు ఏడ్చాను, ఇప్పుడు లేదు.

పనికి తిరిగొచ్చిన రోజు ఒకామె నా నీళ్లసీసా ముట్టుకోలేదు. అంటుకునేది కాదు వదినా అని చెప్పా. నమ్మడానికి వారం పట్టింది. ఆ వారంలోనే, తెలిసింది వీళ్లకు చెప్పి తీరాలనుకున్నా. ఆస్ట్రేలియాలో చొక్కా వేసుకో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో అని 1981 నుంచీ జనానికి చెబుతున్నారట. కూలికి పోయే మనిషి ఎండ తగలకుండా కాపాడే ఎస్‌పీఎఫ్ 30 క్రీము కొని రెండు గంటలకోసారి ఎక్కడ రాసుకుంటుంది? మాకున్నవి గుడ్డ, నీడ, పొద్దు. వాటితోనే మొదలుపెట్టాం.

అందరికీ బాగా పట్టింది నీడ లెక్క. నీ నీడ నీకన్నా పొట్టిగా ఉంటే ఎండ చురుకుగా ఉన్నట్టు. మే నెలలో మా దగ్గర తొమ్మిది దాటగానే నీడ పొట్టిదైపోతుంది. ఎండలో చర్మాన్ని దెబ్బతీసే కిరణాలు ఎంత ఉన్నాయో చెప్పే యూవీ సూచిక మధ్యాహ్నానికి 11 దాటడం మామూలే. ఆ సూచిక 3కి చేరినప్పటి నుంచే జాగ్రత్త పడాలంటారు. ఫీల్డ్ అసిస్టెంటుతో మాట్లాడి ఐదున్నరకే పని మొదలుపెట్టించా, గడ్డపార పని తొమ్మిదిలోపే అయ్యేలా. మబ్బు పట్టినా, గాలి చల్లగా ఉన్నా ఈ కిరణాలు పడుతూనే ఉంటాయని చెప్పడమే కష్టమైంది. వేడి ఒంటికి తెలుస్తుంది, ఇవి తెలియవు.

ఇంకోటి, కొంగు. ఒకామె కొంగు తీసుకుని సూర్యుడి వైపు పరిచి పట్టుకున్నా. పల్చటి పాలిస్టర్, అవతలి మామిడిచెట్టు ఆకులతో సహా కనపడింది. "దీంట్లోంచి ఎండ రాదా మరి?" అంటే ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు పదకొండు మంది మొగుళ్ల పాత ఫుల్‌హ్యాండ్ చొక్కాలు చీరల మీద తొడుక్కుని వచ్చారు. టోపీ చెవుల్నీ మెడనీ వదిలేస్తుందని మగవాళ్లు తువ్వాలును చెవుల కిందకి చుట్టుకుంటున్నారు. "చొక్కా తొడుగు, చెవులు చుట్టు, నీడ చూడు" అని ఒక ముసలామె పాటలా అల్లింది. తట్టలు అందించుకుంటూ అదే అంటున్నారు.

నెలకోసారి చెట్టు కింద కూర్చోబెట్టి ఒకరి మొహం, మెడ, కాళ్లు ఒకరిని చూసుకోమంటున్నా. అరికాలు కూడా. అరికాల్లో, గోటి కింద వచ్చే నల్లమచ్చకు ఎండతో సంబంధం లేదు గానీ, మనలాంటి చర్మంలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ ఎక్కువగా అక్కడే వస్తుందని డాక్టరు చెప్పాడు.

అలా చూసుకునేటప్పుడే ఒక పెద్దాయన పంచె పైకెత్తాడు. ముప్పై ఏళ్ల కిందట బెల్లం గానుగ దగ్గర పాకం పడి పిక్క కాలింది. ఆ పాత మచ్చ మధ్యలో మూడు నెలలుగా పుండు, అంచులు గట్టిగా లేచి ఉన్నాయి. పాత కాలిన మచ్చలో మానని పుండు క్యాన్సర్ కావచ్చని నాకు తెలుసు. "నొప్పి లేదు కదమ్మా" అన్నాడాయన.

"నాకూ లేదు మామా" అని నా ముక్కు చూపించా.

సోమవారం కొడుకును తీసుకుని తిరుపతి పోయాడు. ముక్క తీశారు. గురువారం మళ్లీ రమ్మన్నారు, నేనూ తోడు పోతున్నా.