సాల్వ్ అయిపోగానే కారెక్కకండి

ఇరవై సెకన్లలో రూబిక్స్ క్యూబ్ సాల్వ్ చేసే పిల్ల ఒక రౌండులో ఐదుసార్లు చేస్తుంది. మొత్తం వంద సెకన్ల పని. దానికోసం శనివారం పొద్దున్నే లేపి, గంటన్నర కారు నడిపి, ఏ స్కూలు కెఫెటేరియాకో లైబ్రరీ హాలుకో తీసుకెళ్తాం. మిగతా ఏడెనిమిది గంటలూ ఏం చేయాలో తోచక అమెరికాలో మన తల్లిదండ్రులు చాలామంది ఫోను చూస్తూ కూర్చుంటారు. లేదంటే పిల్ల వంతు అవగానే "పద పద, కూచిపూడి క్లాసుకి టైమవుతోంది" అని లేవదీస్తారు. ఫోను సంగతి ఎలా ఉన్నా, ఈ రెండోది మాత్రం పోటీకే చేటు.

వరల్డ్ క్యూబ్ అసోసియేషన్, అందరూ అనే మాటలో డబ్ల్యూసీఏ, 2004లో మొదలైంది. ఇప్పుడు మామూలు మూడు వరుసల క్యూబ్‌తో కలిపి 17 ఈవెంట్లున్నాయి. పోటీలో జీతానికి పనిచేసే అంపైర్లుండరు. సాల్వ్ చేసేవాళ్లే మరో గ్రూపు వంతులో జడ్జీలు, రన్నర్లు, స్క్రాంబ్లర్లు. ఎనభై మంది వస్తే ఇరవై మంది చొప్పున నాలుగు గ్రూపులు చేస్తారు. మొదటి గ్రూపు సాల్వ్ చేస్తుంటే రెండో గ్రూపు బల్లల దగ్గర జడ్జీలుగా కూర్చుంటుంది, మూడో గ్రూపులో కొందరు క్యూబులు మోస్తారు, చేయి తిరిగినవాళ్లు స్క్రాంబుల్ చేస్తారు, అంటే ఇచ్చిన తిప్పుల ప్రకారం క్యూబ్ రంగులు చెదరగొడతారు. మీరు పిల్లని మధ్యలో తీసుకెళ్తే ఒక బల్ల ఖాళీ అవుతుంది. అలా ముగ్గురు వెళ్లిపోతే రౌండు పావుగంట ఆలస్యమవుతుంది. ఆఖరి ఫైనల్ ఆడాల్సినవాళ్లు హాలు అద్దె గడువుతో పరుగు పందెం పెట్టుకోవాలి.

జడ్జి పని చిన్నదేం కాదు. రన్నర్ మూతేసిన క్యూబ్ తెచ్చి పెడతాడు. జడ్జి "రెడీ?" అని అడిగి, మూత ఎత్తి, చేతిలోని స్టాప్‌వాచ్ నొక్కాలి. క్యూబ్‌ని పరిశీలించడానికి 15 సెకన్లు. ఎనిమిదో సెకను దగ్గర "ఎయిట్ సెకండ్స్", పన్నెండో సెకను దగ్గర "ట్వెల్వ్ సెకండ్స్" అని గట్టిగా చెప్పాలి. 15 దాటి 17 లోపు మొదలుపెడితే టైముకి రెండు సెకన్లు కలుస్తాయి (దీన్నే ప్లస్ టూ అంటారు), 17 కూడా దాటితే డీఎన్ఎఫ్, అంటే ఆ ప్రయత్నం లెక్కలోకి రాదు. టైమర్ ఆగాక జడ్జి చూసి తీర్పు చెప్పేదాకా ఎవరూ క్యూబ్ ముట్టుకోకూడదు. ఒక వరుస 45 డిగ్రీలు దాటి పక్కకుంటే, అంటే ఇంకొక్క తిప్పుతో సరిపోయేలా ఉంటే, ప్లస్ టూ. ఒక తిప్పుతో కూడా సరికాకపోతే డీఎన్ఎఫ్. ఇంట్లో పై వరుసని కొంచెం, సగం, ముప్పావు తిప్పి బల్లమీద పెట్టి "ఇదేంటి?" అని అడగండి. నాలుగు రోజుల్లో కన్ను కుదురుతుంది.

మన పిల్లలకి అసలు కష్టం కొలతలో ఉండదు, నోరు విప్పడంలో ఉంటుంది. పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని మనమే నేర్పాం. ఇక్కడ తొమ్మిదేళ్ల పిల్ల నలభై ఏళ్ల మనిషి ఎదురుగా కూర్చుని "ప్లస్ టూ" అనాలి. ఆయన మొహం చిన్నబుచ్చుకుంటే మన పిల్ల మెత్తబడి మామూలు టైము రాసేస్తుంది. అలాకాకుండా మరీ దూకుడుగా ఉండే పిల్లలు అనుమానమున్నా తామే తీర్పిచ్చేస్తారు. రెండూ తప్పే. అనుమానం వస్తే క్యూబ్ ముట్టుకోకుండా చెయ్యెత్తి డెలిగేట్‌ని, అంటే పోటీని పర్యవేక్షించే డబ్ల్యూసీఏ ప్రతినిధిని, పిలవాలి, చివరి మాట డెలిగేట్‌ది. ఎదురు చెప్పడం వేరు, చూసింది చూసినట్టు చెప్పడం వేరు అని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని తేడా, ఒక పూట జడ్జి కుర్చీలో కూర్చుంటే దానంతటదే ఎక్కుతుంది.

2023 జూన్‌లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో 3.13 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు పెట్టిన మ్యాక్స్ పార్క్‌కి ఆటిజం ఉంది. వేళ్లకి పని నేర్పడానికని మొదలైన క్యూబ్, పోటీల్లో నలుగురితో మసలడం కూడా నేర్పిందని వాళ్ల అమ్మానాన్నలే బయట చెప్పారు. ఆ నేర్చుకోవడమంతా సాల్వ్ చేసే ఆ కొద్ది సెకన్లలో జరిగింది కాదు కదా.

ఇక రిజిస్ట్రేషన్. ఇక్కడ మన పేర్లు ఇబ్బంది పెడతాయి. మొదటి పోటీ తర్వాత పిల్లకి శాశ్వతంగా ఒక ఐడీ వస్తుంది: మొదట ఆ సంవత్సరం, తర్వాత ఇంటిపేరులోని తొలి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, చివర రెండంకెలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా, ఒక్క పొడి అక్షరమే ఉన్నా, పేరు ముందువెనకలైనా ఆ ఐడీ కూడా అలాగే పుడుతుంది. మొదటి పోటీకి ముందే గుర్తింపు పత్రంలో ఎలా ఉందో అలాగే నమోదు చేయండి, ముద్దుపేరు వద్దు. ఆ రోజు పత్రం వెంట తీసుకెళ్లండి, కొత్తవాళ్లని అడుగుతారు.

దేశం గడి దగ్గర కూడా ఇళ్లలో చర్చ నడుస్తుంది. పౌరసత్వం ఏ దేశానిదైతే ఆ దేశం తరఫునే ఆడాలి, ఎక్కడ ఉంటున్నామన్నది లెక్క కాదు. డాలస్‌లో పుట్టిన చెల్లి అమెరికా, మూడేళ్ల వయసులో హెచ్-4 మీద వచ్చిన అన్న ఇండియా. ఒకే ఇల్లు, ఒకే క్యూబ్, ర్యాంకింగుల్లో రెండు జెండాలు. ఓసీఐ కార్డు ఉంది కదా అని చెల్లికి ఇండియా పెట్టడం కుదరదు, అది పౌరసత్వం కాదు. అన్నకి దీన్ని లోటుగా చెప్పకండి. అదే డబ్ల్యూసీఏ సైట్లో అదే వరుసలో ఇద్దరి టైములూ ఉంటాయి.

క్యూబ్ విషయంలో ఎక్కువ ఖర్చు అక్కర్లేదు. అయస్కాంతాలున్న మోయు ఆర్ఎస్ త్రీ ఎమ్ లాంటిది పది డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది, పాతిక సెకన్ల లోపుకి వచ్చేదాకా అది చాలు. బ్లూటూత్ ఉన్న స్మార్ట్ క్యూబులు పోటీలో చెల్లవు. బిగుసుకుంటే సిలికాన్ లూబ్ రెండు మూడు చుక్కలు వేయాలి. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ ప్రేమకొద్దీ కొబ్బరినూనె పోస్తుంది, కాస్త కనిపెట్టి ఉండండి. అది 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది, తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది. వాజ్‌లైన్ ఇంకా చెడ్డది, ప్లాస్టిక్‌ని తినేస్తుంది. డబ్బాలో పులిహోర పెడితే చెంచా కూడా పెట్టండి. నూనె చేతులతో టైమర్ ప్యాడ్ మీద వేళ్లు జారతాయి.

అమ్మమ్మని ప్రస్తావించాం కనుక, తెలుగు సంగతి. ప్రవాసంలో పిల్లలతో తెలుగు మాట్లాడించడానికి కథలు, పద్యాలు, ఆదివారం బడి అన్నీ ప్రయత్నిస్తాం. క్యూబ్ ఒక పని తేలిక చేస్తుంది: నేర్పాల్సిన అవసరం పిల్లదే అవుతుంది. రాజమండ్రిలో తాతయ్యకి వీడియో కాల్‌లో నేర్పాలంటే 'ఆర్, యూ, ఆర్ ప్రైమ్, యూ ప్రైమ్' అంటే ఆయనకేం అర్థమవుతుంది? అదే నాలుగు తిప్పుల్ని ఇలా చెప్పించండి: కుడి పైకి, పైది ఎడమకి, కుడి కిందికి, పైది కుడికి. ఈ నాలుగూ వరుసగా ఆరుసార్లు చేస్తే క్యూబ్ మొదట ఎలా ఉందో అలాగే తిరిగొస్తుంది. తాతయ్య "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి ఆరో దగ్గర ఆశ్చర్యపోతే పిల్లకి ఇంకో రోజు నేర్పే హుషారొస్తుంది. మూల ముక్కలు ఎనిమిది, అంచు ముక్కలు పన్నెండు, నడి ముక్కలు ఆరు, ఈ నడి ముక్కలు ఒకదాని చోటికి ఒకటి మారవు. తెలుపుకి ఎదురు పసుపు, ఎరుపుకి ఎదురు నారింజ, నీలానికి ఎదురు ఆకుపచ్చ. ఒక్క జాగ్రత్త: పిల్ల కెమెరాకి ఎదురుగా కూర్చుంటే పిల్ల కుడి తాతయ్యకి ఎడమవుతుంది. ఫోన్ని పిల్ల భుజం వెనక, కొంచెం ఎత్తులో నిలబెట్టండి. అప్పుడు ఇద్దరి కుడీ ఒకటే.

సాధనలో మనం చేసే తప్పు ఒకటుంది. ఎక్కాలు బట్టీ వేయించినట్టు చివరి వరుస ఫార్ములాలన్నీ ఒకే సెలవుల్లో వేయించడం. చివరి వరుస పై రంగంతా ఒకటి చేసే ఓఎల్ఎల్ మొత్తం 57, ఆ ముక్కల్ని తమ చోట్లకి చేర్చే పీఎల్ఎల్ 21. రెండంచెల్లో చేస్తే మొదటిదానికి 10, రెండోదానికి 6 చాలు. నలభై సెకన్లనుంచి ఇరవైకి దింపేది ఆ 78 కాదు. కింద క్రాస్‌ని, అంటే మొదట పెట్టే నాలుగు అంచు ముక్కల్ని, 15 సెకన్ల పరిశీలనలోనే పూర్తిగా ఆలోచించుకోవడం, తర్వాత మూల-అంచు జతల్ని ఆగకుండా పెట్టడం. నెమ్మదిగా తిప్పుతూ కన్ను మాత్రం తర్వాతి జతని వెతకాలి. పిల్ల వేగంగా తిప్పి, ఆగి, వెతికి, మళ్లీ వేగంగా తిప్పుతుంటే పక్కన కూర్చున్న ఎవరికైనా తెలుస్తుంది. వెనకనుంచి "ఫాస్ట్ ఫాస్ట్" అంటే అలా మధ్యలో ఆగిపోవడం పెరుగుతుంది తప్ప తగ్గదు.

మొదటి పోటీలో పోయే సెకన్లు చాలావరకు టైమర్ దగ్గరే పోతాయి. చేతులు ప్యాడ్ల మీద పెట్టి పచ్చ లైటు వచ్చేదాకా ఆగాలి. ఆపేటప్పుడు క్యూబ్ వదిలి, అరచేతులు కిందికి ఉండేలా ఆపాలి. చివరి పై వరుస సర్దకుండానే ఆపేయడం, ఆపగానే అలవాటుగా క్యూబ్ చేతిలోకి తీసుకోవడం, జడ్జి రాయకముందే టైమర్ రీసెట్ చేయడం, ఈ మూడూ ఇంట్లో ఫోన్ యాప్‌తో సాధన చేసినవాళ్లకి అంటుకునే జబ్బులు. పాత టైమర్ ఒకటి కొనడం కొత్త క్యూబ్ కంటే లాభం. సాల్వ్ మధ్యలో ఒక్క మూల మెలిపడి ఇక కలవని స్థితికి వస్తే, క్యూబ్ విప్పకుండా ఆ మూలని అక్కడికక్కడే తిప్పి సరిచేసుకోవచ్చు, నిబంధన ఒప్పుకుంటుంది. కార్డు మీద జడ్జి రాసిన అంకె టైమర్ మీదున్నదేనా అని చూసి పిల్ల సంతకం చేయాలి. సంతకమయ్యాక "నాన్నా, తప్పు రాశారు" అంటే నిరూపించడం కష్టం. మీరు బల్లల దగ్గరికి వెళ్లకండి. పిల్ల తరఫున వాదించకండి, తనకి అనుమానముంటే తనే డెలిగేట్‌ని అడగనివ్వండి.

సగటు లెక్క తాతయ్యకి చెప్పడానికి: 18.42, 21.07, 19.55, డీఎన్ఎఫ్, 20.40 వస్తే, మంచిది 18.42, చెడ్డది డీఎన్ఎఫ్ రెండూ తీసేసి మిగతా మూడింటి సగటు 20.34. ఒక డీఎన్ఎఫ్‌తో కొంప మునగదు, రెండైతే సగటే ఉండదు. టైములన్నీ అందరికీ కనబడేలా సైట్లో ఉంటాయి కాబట్టి కమ్యూనిటీ వాట్సాప్‌లో "ఫలానావాళ్లబ్బాయి పన్నెండు" అని మొదలవుతుంది. క్యూబర్లు ఒకరినొకరు అడిగేది మాత్రం "పీఆర్ వచ్చిందా?" అని, అంటే పర్సనల్ రికార్డు, తమ పాత టైముతో పోల్చుకుని. ఆ ప్రశ్న మనమూ నేర్చుకోవచ్చు.

వేసవిలో హైదరాబాద్ వెళ్తే అక్కడి డబ్ల్యూసీఏ పోటీలో కూడా ఇదే ఐడీతో ఆడొచ్చు. రిజిస్ట్రేషన్ భారత సమయం సాయంత్రం 6కి తెరిస్తే డాలస్‌లో పొద్దున 7:30, సీట్లు త్వరగా నిండుతాయి. విదేశీ కార్డుతో ఫీజు కట్టగలమా అని నిర్వాహకుల్ని ముందే అడగండి. దిగిన మూడు రోజుల్లోపు పోటీ పెట్టుకోకండి, నిద్ర మత్తులో 15 సెకన్లు ఎప్పుడు పోయాయో తెలీదు. ఎండాకాలం చేతులు చెమటపడతాయి, రుమాలు జేబులో ఉండాలి.

ఉన్న ఊళ్లో పోటీల్లేకపోతే లైబ్రరీలో నెలకో గది తీసుకుని రెండు టైమర్లు, నాలుగు చాపలతో మొదలుపెట్టండి. ఉగాది వేడుకల స్టేజీ మీద, పాటకీ డాన్సుకీ మధ్య క్యూబ్ పోటీ పెట్టడం మాత్రం మానండి. ఆ లైట్లలో ఎరుపు, నారింజ ఒకటిలాగే కనిపిస్తాయి. పక్క గదిలో బల్లలేసి, అందరికీ ఒకే స్క్రాంబుల్ కాగితం ఇవ్వండి, క్యూబ్‌ని తెలుపు పైన, ఆకుపచ్చ ముందు ఉండేలా పట్టుకుని తిప్పాలి. స్క్రాంబుల్ చేశాక కాగితం మీది బొమ్మతో సరిచూడాలి. తేడా వస్తే ఎక్కడో ఒక తిప్పు తిరగబడినట్టే, క్యూబ్ సాల్వ్ చేసి మళ్లీ మొదటినుంచి చేయాలి. అధికారిక పోటీ కావాలంటే డెలిగేట్ ఒప్పుకోవాలి, నెలల ముందే హాలు చూసుకోవాలి, తెలుగువాళ్లకే అని గిరి గీయకూడదు, ఎవరైనా రావచ్చు. గుడి హాలు చవగ్గా దొరుకుతుంది, హారతి వేళ గంటల మోత ఏ రౌండు మీద పడుతుందో ముందే చూసి అక్కడ భోజన విరామం పెట్టండి.