పస్తున్న ఎలుక నేర్చుకుందా, తిండి కోసం ఉరికిందా?

ఆకలికీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం మీద చిట్టెలుకలతో ప్రాజెక్టు చేద్దామని తిరుపతి, చిత్తూరు వైపు జువాలజీ, ఫార్మసీ పిల్లలు చాలామంది అనుకుంటారు. మంచి విషయం. కానీ ప్రొటోకాల్లో (ప్రయోగం ఎలా చేయాలో రాసుకునే కాగితంలో) మొదటి వాక్యమే తరచుగా ఇలా ఉంటుంది: "సాయంత్రం మేత తీసేసి, పొద్దున 10 గంటలకు రక్తం తీయాలి." పని చెడేది అక్కడే.

మనం రాత్రి తినకుండా పడుకుంటే అది పెద్ద ఉపవాసం కాదు. చిట్టెలుకకు రాత్రే పగలు. రోజుకు అది తినే 3 నుంచి 5 గ్రాముల మేతలో ఎక్కువ భాగం చీకటి పడ్డాకే తింటుంది. సాయంత్రం 6 నుంచి పొద్దున 10 దాకా, అంటే 16 గంటలు మేత లేకపోతే 25 గ్రాముల ఎలుక రెండున్నర గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గిపోతుంది. 60 కిలోల మనిషి తెల్లారేసరికి 6 కిలోలు తగ్గినట్టు! దాన్ని ఆకలి అనలేం, కరువు అనాలి. కొవ్వు నుంచి వచ్చే హార్మోను లెప్టిన్ పడిపోతుంది, ఇన్సులిన్ పడిపోతుంది, ఆకలి హార్మోను గ్రెలిన్, ఒత్తిడి హార్మోను కార్టికోస్టెరాన్ పెరుగుతాయి. గది చల్లగా ఉంటే శక్తి మిగుల్చుకోవడానికి ఒంటి వేడినే దించేసుకుని మొద్దునిద్రలాంటి స్థితిలోకి పోతుంది. ఆ ఎలుకను మేజ్‌లో (చిక్కుదారుల పెట్టెలో) వదిలి "ఆకలి వల్ల జ్ఞాపకం తగ్గింది" అని రాస్తే ఎలా?

రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ చూడటమే పనైతే పొద్దున లైట్లు వెలిగాక మేత తీసి 4 నుంచి 6 గంటలు ఆగితే చాలు. మేతను బహుమానంగా పెట్టి నేర్పించాలంటే మాత్రం పూర్తి పస్తు వద్దు, మేత తగ్గించే పద్ధతి పట్టాలి. ముందు 3 రోజులు కడుపునిండా తిననిచ్చి, రోజూ ఒకే వేళకు తూకం వేయాలి. తర్వాత మామూలుగా తినేదాంట్లో 70 శాతం దగ్గర మొదలుపెట్టి, వారం రోజుల్లో బరువును 85 నుంచి 90 శాతానికి తేవాలి. నీళ్లు ఎప్పుడూ ఆపకూడదు. 80 శాతం కిందికి పోతే ఆ ఎలుకకు మేత పెంచి ప్రయోగం నుంచి తీసేయాలి. ఈ హద్దును ఎథిక్స్ కమిటీకి ఇచ్చే దరఖాస్తులోనే రాయండి. 6, 8 వారాల ఎలుక పిల్లలైతే ఇంకా ఎదుగుతుంటాయి. వాటిని పాత బరువుతో కాకుండా, కడుపునిండా తింటున్న అదే ఈడు ఎలుకలతో పోల్చాలి.

ఒకే కేజ్‌లో నాలుగు ఎలుకలుండి మేత తక్కువైతే బలమైనది తినేస్తుంది, బక్కది ఎండిపోతుంది. సగటు బరువు చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మేత వేళకు వేటికవి విడిగా పెట్టి తినిపించాలి. పస్తు పెట్టే రోజు కేజ్ మార్చడం కూడా తప్పనిసరి. పైన జాలీలో మేత తీసేసినంత మాత్రాన తిండి లేనట్టు కాదు. గూడు విప్పి చూడండి, పీచు మధ్యలో బొటనవేలి గోరంత పెల్లెట్ ముక్క పళ్ల గాట్లతో సహా దొరుకుతుంది. ఆ ఒక్క ముక్కతో ఇన్సులిన్ లెక్క తారుమారు.

ఇక గ్రెలిన్ సంగతి. 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా బృందం కడుపులో కనిపెట్టిన హార్మోను ఇది. 28 అమైనో ఆమ్లాల గొలుసు. మూడో స్థానంలోని సెరీన్‌కు చిన్న కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉంటేనే కణాల మీద తనను అందుకునే రిసెప్టార్‌ను తాకగలదు. 2006లో యేల్‌లోని హోర్వాత్ బృందం చూపించిన విషయం ఈ రంగాన్నే మలుపు తిప్పింది. గ్రెలిన్ మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లోకి చేరి అక్కడి సినాప్సుల (న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే చోట్ల) సంఖ్యను పెంచుతుంది, జ్ఞాపకానికి తోడ్పడుతుంది. తిండి ఎక్కడ దొరికిందో గుర్తుండాల్సింది కడుపు ఖాళీగా ఉన్నప్పుడే కదా!

అయితే గ్రెలిన్ కూడా వేళను నేర్చుకుంటుంది. రోజూ పన్నెండున్నరకు సంగటి తినే ఇంట్లో పన్నెండుకే కడుపు పిలిచినట్టు, రోజూ 4 గంటలకు మేత పెట్టే ఎలుకలో 4 కాకముందే గ్రెలిన్, కార్టికోస్టెరాన్ పెరుగుతాయి, తిరుగుడు ఎక్కువవుతుంది. మీరు మూడున్నరకు శిక్షణ పెడితే కొలిచేది ఆ ఎదురుచూపును కూడా. అందుకే పోల్చే రెండు గుంపులకూ మేత వేళ ఒకటే ఉండాలి. శిక్షణ అయిన వెంటనే మేత పెట్టకుండా కనీసం గంట ఆగాలి, ఎందుకంటే అప్పుడే పెరిగే గ్లూకోజు కూడా జ్ఞాపకం స్థిరపడటాన్ని మారుస్తుంది.

మెదడులో ఆకలి పుట్టించే ఏజీఆర్‌పీ న్యూరాన్లు మేత కంటపడిన కొన్ని సెకన్లలోనే నెమ్మదిస్తాయని 2015లో తేలింది. అప్పటికి రక్తంలో హార్మోను ఏమీ మారలేదు. కాబట్టి వరసలో ఎదురుచూస్తున్న ఎలుకల ముందు పెల్లెట్ డబ్బా తెరవకండి, పక్క గదిలో సర్దుకుని రండి.

అసలు చిక్కు ఇప్పుడొస్తుంది. ఆకలిగా ఉన్న ఎలుక మేజ్‌లో వేగంగా పోతుంది. వేగం అంటే నేర్చుకోవడం కాదు. సమయంతో పాటు ఎన్నిసార్లు తప్పు దారి పట్టిందో లెక్కపెట్టండి. చివర్లో మేత లేకుండా ఒకసారి వదిలి, ఏ మూల వెతుకుతుందో చూడండి. తిండితో పనిలేని పరీక్ష ఒకటైనా, ఉదాహరణకు కొత్త వస్తువును గుర్తుపట్టే పరీక్ష, పక్కన పెట్టుకోవాలి. రెండింట్లోనూ మెరుగ్గా చేస్తేనే జ్ఞాపకం గురించి మాట్లాడాలి. ఎలుకను ఈదించే నీటి మేజ్ వాడితే బక్కచిక్కిన ఎలుక త్వరగా చలికి వణుకుతుంది. షాకుతో భయం నేర్పే పరీక్షలోనూ జాగ్రత్త, ఆకలి కొన్ని రకాల నొప్పిని అణిచేస్తుంది. బహుమానానికి 20 మిల్లీగ్రాముల చక్కెర పెల్లెట్లు వాడితే, 3 రోజుల ముందు నుంచే కేజ్‌లో కొన్ని వేసి అలవాటు చేయాలి. కొత్త తిండిని ఎలుక నమ్మదు. ముట్టుకోకపోతే మొద్దు ఎలుక అని రాసేయకండి.

కార్టికోస్టెరాన్ మరీ సున్నితం. చీకటి పడే ముందు దాని శిఖరం, పొద్దున అడుగు. అదే ఎలుక 10 గంటలకు ఒక లెక్క, సాయంత్రం 5 గంటలకు దానికి ఎన్నో రెట్లు. చెయ్యి తగిలిన 3 నిమిషాల్లో రక్తం తీయకపోతే మీరు కొలిచేది మీ చెయ్యి పెట్టిన భయాన్నే. ఒక కేజ్‌లో నాలుగో ఎలుక వంతు వచ్చేసరికి దానికి విషయం తెలిసిపోయి ఉంటుంది. అందుకే రోజుకు కేజ్‌కు ఒకటే, లేదా ఇద్దరు మనుషులు కలిసి చకచకా. ఈథర్ మత్తు ఈ కొలతకు అసలు పనికిరాదు, అదే హార్మోనును పెంచేస్తుంది.

మన ఊరి ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. ఏప్రిల్, మేలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎలుకల గది 22 నుంచి 24 డిగ్రీలు ఉండాలి. కరెంటు పోయి రెండు మూడు గంటలు ఏసీ ఆగితే గది 30 దాటుతుంది. అప్పుడు ఒంటిని వేడిగా ఉంచుకునే ఖర్చు తగ్గి, మేత తినడమూ తగ్గుతుంది. "మా మందు ఆకలిని తగ్గించింది" అని రాసుకున్న ఫలితం ఎండ చేసిన పని కావచ్చు. గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరును ఎలుకల ర్యాక్ ఎత్తులోనే తగిలించి, రోజూ తూకంతో పాటు ఆ రెండు అంకెలూ రాయండి.

రక్తం విషయంలో దురాశ పనికిరాదు. 25 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తం 2 మిల్లీలీటర్ల లోపే. బతికుండగా ఒకసారి తీయగలిగేది 0.15 నుంచి 0.2 మిల్లీలీటర్లు, ఆ తర్వాత రెండు వారాలు విశ్రాంతి. చురుకైన, అంటే కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉన్న గ్రెలిన్ కావాలంటే రక్తం గడ్డకట్టకుండా చూసే ఈడీటీఏ ట్యూబులో ముందే ఎంజైమును ఆపే మందు ఏఈబీఎస్‌ఎఫ్ వేసి ఉంచాలి. లేకపోతే ఆ కొవ్వు ఆమ్లం ఊడిపోయి అంకె తక్కువ వస్తుంది. వెంటనే మంచులో పెట్టి, 4 డిగ్రీల దగ్గర సెంట్రిఫ్యూజ్ చేసి, విడదీసిన ప్లాస్మాకు పదో వంతు 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలపాలి. మీ కిట్ కాగితంలో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి. ప్లాస్మా ఎర్రగా కనిపిస్తే కణాలు పగిలినట్టు, ఇన్సులిన్‌కు ఆ నమూనా వాడకండి. మిగిలినదాన్ని 50 మైక్రోలీటర్ల చొప్పున విడివిడి ట్యూబుల్లో మైనస్ 80లో దాచండి. ఒకసారి కరిగిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించొద్దు.