పదకొండో నిమిషంలో దొరికిన సంచి

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, సియాటిల్ దగ్గరి స్నోక్వాల్మీ పాస్ కనుమ దగ్గర, మాకు అవలాంచ్ (మంచు చరియలు జారిపడడం) క్లాసు చెప్పే ఆవిడ ఒక సంచిలో బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్లని వెతకడానికి సిగ్నల్ పంపే, పట్టుకునే చిన్న పరికరం) పెట్టి, మంచులో మీటరు లోతున పాతేశారు. "మీలో ఒకరు లోపలున్నారు, వెతకండి" అని వాచీ నొక్కారు.

బీకన్‌తో వెతకడం మొదట్లో వీడియో గేమ్‌లా ఉంది. తెర మీద బాణం, పక్కన ఇంకెన్ని మీటర్లో అంకె. 38, 24, 11. రెండుకి వచ్చాక అసలు తంటా మొదలైంది. అక్కడ బీకన్‌ని మంచుకి ఆనించి నెమ్మదిగా జరపాలి. నేనేమో కంగారులో సిగ్నల్ లేని ఫోన్ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి తిప్పుతున్నా. నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత పొడవాటి ప్రోబ్ కర్ర దించుతూ పోతే ఒకచోట పరుపులో పొడిచినట్టు మెత్తగా తగిలింది. హమ్మయ్య, అయిపోయిందనుకున్నాం. తవ్వడానికే ఇంకో ఆరు నిమిషాలు పట్టింది! అది చేత్తో పాతిన మంచు. నిజంగా జారొచ్చిన మంచయితే ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుందట. నేరుగా పైనుంచి గొయ్యి తీయకుండా, వాలు కిందివైపు నుంచి తవ్వుకుంటూ రావాలి.

మొత్తం పదకొండు నిమిషాలు. ఊపిరాడక పోయే ప్రాణాలే ఎక్కువ కాబట్టి, మొదటి పది పదిహేను నిమిషాలు దాటితే ఆశ చకచకా తగ్గిపోతుంది.

ఈ క్లాసులో ఎందుకు చేరానంటే స్నో లేక్ అనే కొండల్లోని సరస్సు వల్ల. ఆగస్టులో ఇండియా నుంచి ఎవరొచ్చినా పులిహోర కట్టుకుని అక్కడికే తీసుకెళ్తాం. జనవరిలోనూ అదే దారి కదా అనుకున్నా. ఆ దారి చరియలు జారే వాలులకి అడ్డంగా వెళ్తుందని వేసవిలో ఎవరికి తడుతుంది? 30 నుంచి 45 డిగ్రీల వాలే ప్రమాదమంటారు, కానీ మనం చదునుగా ఉన్నచోట నడుస్తున్నా, తలపైన అలాంటి వాలుంటే చాలు. అసలు నడవక్కర్లేదు కూడా. ఇదే కాస్కేడ్స్ పర్వతాల్లో, స్టీవెన్స్ పాస్ దగ్గరి వెల్లింగ్టన్‌లో, 1910 మార్చి 1న మంచుకి చిక్కుకుని రోజుల తరబడి ఆగిపోయిన రెండు రైళ్లను చరియ లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు.

ఆదివారం స్నో లేక్‌కి వెళ్దామని మా తమ్ముడులాంటి కొలీగ్ ఒకటే గొడవ. చరియల ప్రమాదం ఎంతుందో చెప్పే వాయవ్య అవలాంచ్ సెంటర్ వాళ్ల సూచన చూపించా: ఐదుకి మూడు, 'కన్సిడరబుల్'.

"ఐదుకి మూడంటే ఫస్ట్ క్లాసే కదన్నా!"

ఇది మార్కుల లెక్క కాదురా బాబూ. మూడంటే మనిషి బరువుకే చరియ జారే అవకాశం బాగా ఉందని. నాలుగో, ఐదో ఉన్నరోజు జనం ఎలాగూ భయపడి ఇంట్లోనే ఉంటారు. మూడున్న రోజే మనలాంటివాళ్లు బయల్దేరతారు.

వాడు గంటసేపు అలిగాడు. చివరికి వాళ్ల పెరట్లో ఎండాకుల కుప్పలో బీకన్ దాచి, వాడి తొమ్మిదేళ్ల కూతురి చేత వెతికించాం. మూడు నిమిషాల్లో పట్టేసింది. తవ్వే పని లేదు కదా మరి.