బెంగళూరు కొలువులో కోడింగ్ లెక్కలు, డేటా చిక్కులు

ఆదివారం పొద్దున 8 గంటలకు మారతహళ్లి పీజీల్లో చాలా తలుపులు మూసే ఉంటాయి. అందరూ నిద్రపోతున్నారనుకుంటే పొరపాటే. కోడింగ్ సాధన చేసుకునే సైట్ లీట్‌కోడ్ పెట్టే వీక్లీ కాంటెస్ట్ మన టైమ్‌లో సరిగ్గా అప్పుడే మొదలవుతుంది: గంటన్నర, నాలుగు లెక్కలు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి, బీటీఎం లేఅవుట్‌లోనో బెళ్లందూరులోనో గది పంచుకుంటూ కంపెనీ మారాలని చూసే మనవాళ్లు కష్టపడడంలో ఎవరికీ తీసిపోరు. ఎటొచ్చీ చాలామంది మూడు నాలుగు వందల జవాబులు బట్టీ పట్టి వెళ్తారు. ఇంటర్వ్యూలో అదే లెక్కలో ఒక్క షరతు మార్చి అడిగేసరికి బిక్కమొహం వేస్తారు. ఇంటర్ కాలేజీల నుంచి వచ్చిన అలవాటు అది. ఇక్కడ దానికి గిరాకీ లేదు.

లెక్క చేతికి రాగానే కథ మీద పడకండి. అడుగున రాసిన హద్దులు, అంటే డేటా ఎంత పెద్దదిగా రావచ్చో చెప్పే అంకెలు, ముందు చూడండి. సీ ప్లస్ ప్లస్ సెకనుకు సుమారు 10 కోట్ల చిన్న పనులు చేస్తుందని, మామూలు పైథాన్ లూప్ కోటి దాకా లాగుతుందని ఒక మోటు అంచనా పెట్టుకుంటే చాలు, ఏ దారిలో వెళ్లాలో హద్దులే చెబుతాయి. ఇచ్చే అంకెలు ఎన్నో చెప్పే ఎన్ విలువ 20 లోపు అంటే ప్రతి ఉపసమితినీ చూసినా 10,48,576 వస్తాయి, భయం లేదు. 5,000 అంటే లూప్‌లో లూప్ పెట్టినా రెండున్నర కోట్లు. సీ ప్లస్ ప్లస్, జావాలో గట్టెక్కుతుంది, పైథాన్‌లో అనుమానమే. అదే లక్ష అంటే లూప్‌లో లూప్ 1,000 కోట్లవుతుంది. అప్పుడు సార్టింగో (వరసలో పేర్చడం), హ్యాష్ మ్యాపో (చూసినవాటిని వెంటనే దొరికేలా దాచే పట్టిక), టూ పాయింటర్సో (లిస్టు మీద రెండు వేళ్లు పెట్టి నడవడం) పట్టుకోవాలి. లక్ష అంకెల సార్టింగ్ లక్షను 17తో గుణించినంత పని, అంటే 17 లక్షలు. విలువలు 10 పవర్ 18 దాకా ఉన్నాయంటే లూప్ మాటే ఎత్తకూడదు. ప్రతిసారీ సగం వదిలేస్తూ వెళ్లే బైనరీ సెర్చ్ 60 అడుగుల్లో తేలుస్తుంది.

దీన్ని దగ్గర నుంచి చూపించే లెక్క ఒకటుంది. అడ్వెంట్ ఆఫ్ కోడ్ అని 2015 నుంచి ప్రతి డిసెంబర్‌లో వచ్చే పజిళ్ల వరస. అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి, అంటే మనకు పొద్దున 10:30కి లెక్క తెరుచుకుంటుంది. మన ఆఫీసుల్లో చాలాచోట్ల అది రోజువారీ స్టాండప్ మీటింగ్ వేళ, కాబట్టి కొంతమంది ఆ టైమ్‌లో కెమెరా ఎందుకు ఆపుతారో ఊహించుకోవచ్చు. 2021 డిసెంబర్ 6న వచ్చింది లాంతరు చేపల లెక్క. ఒక్కో చేపకు ఒక టైమర్ ఉంటుంది. రోజుకొకటి తగ్గుతుంది. సున్నా అయిన మర్నాడు ఆ చేప టైమర్ 6కి తిరిగొస్తుంది, 8 టైమర్‌తో ఒక పిల్ల పుడుతుంది. ఉదాహరణకు ఇచ్చిన చేపలు అయిదు: 3, 4, 3, 1, 2. వాటితో 18 రోజులకు 26 చేపలు, 80 రోజులకు 5,934. మొదటి భాగం అంతవరకే. ప్రతి చేపనూ లిస్టులో పెట్టి నడిపినా రెప్పపాటులో జవాబొస్తుంది.

రెండో భాగం అదే లెక్కను 256 రోజులకు అడుగుతుంది. జవాబు 2,698 కోట్ల 44 లక్షల 57 వేల 539. పైథాన్ లిస్టులో ఒక్కో చేపకు 8 బైట్ల చోటు వేసుకున్నా 216 జీబీ కావాలి. ల్యాప్‌టాప్ ఫ్యాను రొద పెట్టి, చివరికి ప్రోగ్రాం చస్తుంది. నిజానికి ఒకే టైమర్ ఉన్న చేపలన్నీ ఒకటే; వాటిని విడివిడిగా మోయాల్సిన పనేముంది? 0 నుంచి 8 దాకా తొమ్మిది గళ్లు పెట్టి, ఏ గడిలో ఎన్ని చేపలో లెక్క రాసుకుంటే సరి. రోజూ చేసేది ఇంతే: సున్నా గడిలోని అంకె పక్కన పెట్టుకోవడం, మిగతావాటిని ఒక గడి కిందికి జరపడం, పక్కన పెట్టిన అంకెను 6వ గడిలో కలపడం, 8వ గడిలో రాయడం. మొత్తం 256 రోజులకు రెండు వేల పైచిలుకు కూడికలు. తప్పు జరిగేది వరసలో: జరపకముందే 6లో కలిపితే ఆ చేపలన్నీ 5కి దిగిపోతాయి. 18 రోజులకు 26 రాలేదంటే ముందు అక్కడ వెతకండి. ఇంకో తప్పు, సీ ప్లస్ ప్లస్‌లోనో జావాలోనో మామూలు ఇంట్ వాడడం. అది 214,74,83,647 దగ్గర ఆగి నెగెటివ్‌లోకి తిరుగుతుంది. జావాలో లాంగ్, సీ ప్లస్ ప్లస్‌లో లాంగ్ లాంగ్ కావాలి. పైథాన్‌లో ఈ బెడద లేదు.

భాషల సంగతి ఎత్తాం కాబట్టి, ఏది నేర్చుకోవాలన్న వాదన వదిలేసి, మీ భాష ఎక్కడ కాలు పట్టి లాగుతుందో తెలుసుకోండి. జావాలో రెండు ఇంటీజర్ ఆబ్జెక్టులను డబుల్ ఈక్వల్స్‌తో పోలిస్తే 127 దాకా సరిగ్గా ఉండి 128 దగ్గర తేడా కొడుతుంది, ఎందుకంటే మైనస్ 128 నుంచి 127 వరకే జావా ముందుగా దాచిపెట్టుకుంటుంది. ఈక్వల్స్ మెథడ్ వాడాలి. మైనస్ 7ను 2తో భాగిస్తే సీ ప్లస్ ప్లస్, జావా మైనస్ 3 అంటాయి. పైథాన్‌లో డబుల్ స్లాష్ మైనస్ 4 అంటుంది. పైథాన్‌లో ఒక వరసను నక్షత్రం గుర్తుతో గుణించి గ్రిడ్ చేస్తే అన్ని వరసలూ ఒకే లిస్టు. ఒక గడి మారిస్తే నిలువంతా మారిపోతుంది.

ఇంటర్వ్యూ గదిలో కూడా హద్దులే కాపాడతాయి. 45 నిమిషాల్లో మొదటి అయిదూ ప్రశ్నలకే పోనివ్వండి: ఖాళీ లిస్టు వస్తుందా, నెగెటివ్‌లు ఉంటాయా, ఒకే అంకె రెండుసార్లు రావచ్చా, జవాబు లేకపోతే ఏం తిరిగివ్వాలి? లిస్టులో ఏ రెండు అంకెలు కలిపితే టార్గెట్ వస్తుందో అడిగే టూ సమ్ అందరికీ వచ్చు. కానీ మ్యాప్‌లో ముందు వెతికి, తర్వాతే చేర్చాలన్నది సగం మంది మర్చిపోతారు. టార్గెట్ 6, మొదటి అంకె 3 అయితే, ముందే చేర్చినవాళ్ల ప్రోగ్రాం అదే 3ను రెండుసార్లు వాడుకుంటుంది. లిస్టు ముందే సార్ట్ అయి ఉందని, అదనపు మెమరీ వాడొద్దని షరతు పెడితే రెండు కొసల నుంచి లోపలికి రావాలి. ఎన్ని జతలున్నాయో లెక్కపెట్టమంటే మ్యాప్‌లో స్థానం బదులు ఎన్నిసార్లు వచ్చిందో దాచాలి. అన్నట్టు, ఎదుటివాళ్లను ‘సార్’ అనడం మన నోటికి అలవాటు. ఇక్కడ పేరు పెట్టే పిలుస్తారు. ‘సార్’ అన్నందుకు మార్కులేం పోవు గానీ, ‘ఔను సార్’ అంటూ తలూపి, అర్థం కాని ప్రశ్నకు కోడ్ రాయడం మొదలుపెడితే పోతాయి.

డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ రౌండ్‌లో రెండో పెద్ద జీతం అడగడం మానరు. జీతాలను పెద్దది ముందొచ్చేలా పేర్చి ఒకటి వదిలి తర్వాతది తీసుకుంటే, పై జీతం ఇద్దరికి ఉన్నప్పుడు మళ్లీ అదే వస్తుంది. ఒకే విలువను ఒక్కసారే తీసుకునే డిస్టింక్ట్ పెట్టాలి, లేదా సమానమైనవాటికి ఒకే ర్యాంకిచ్చే డెన్స్ ర్యాంక్ వాడాలి. టేబుల్లో ఒక్కరే ఉంటే నల్ (విలువ లేదనే గుర్తు) రావాలా, ఖాళీగా రావాలా అని అడిగినవాళ్లు అప్పటికే ముందున్నట్టు.

ఉద్యోగంలో చేరాక పజిళ్లు ఎప్పుడో గానీ రావు, రోజంతా డేటాతోనే సావాసం. హద్దులు ఇక్కడ ఎవరూ రాసివ్వరు, మీరే కొలుచుకోవాలి. రెండు టేబుళ్లు జాయిన్ చేసే (ఉమ్మడి కాలమ్ మీద కలిపే) ముందు ఎన్ని వరసలున్నాయి, చేశాక ఎన్ని అయ్యాయి అన్నది ప్రతిసారీ చూడండి. కస్టమర్ టేబుల్లో ఒకరికి రెండు అడ్రసులుంటే ఆయన కొనుగోళ్లన్నీ రెట్టింపై, నెలాఖరు రిపోర్టులో అమ్మకాలు పెరిగిపోతాయి. ఎర్రర్ రాదు. మేనేజర్ సంతోషిస్తాడు కూడా. పైథాన్‌లో టేబుళ్ల లైబ్రరీ పాండాస్‌లో మర్జ్ (జాయిన్‌కు అక్కడి పేరు) చేసేటప్పుడు వాలిడేట్ అనే ఆప్షన్‌లో, ఇటు ఎన్ని ఉన్నా అటు ఒకటే ఉండాలని చెబితే, రెండో అడ్రసు కనబడగానే అది ఆగి అరుస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో, ఒక జాబితాలో లేనివి తెమ్మనే నాట్ ఇన్ వాడితే లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా చాలు, మొత్తం జవాబు సున్నా వరసలు. నల్‌తో పోలిక ఔనూ కాదు, కాదూ కాదు. అదే పనికి వాడే నాట్ ఎగ్జిస్ట్స్‌కు ఆ బాధ లేదు.

క్లయింటు అమెరికావాడైతే తేదీలు మరో తలనొప్పి. 03/04/2025 మనకు ఏప్రిల్ 3, వాళ్లకు మార్చి 4. పాండాస్ 2.0 రాక ముందు, ఫార్మాట్ చెప్పకపోతే ఒక్కో వరసను దానికి తోచినట్టు చదివేది. 12 లోపు తేదీలు ఒకలా, 13 పైన ఇంకోలా చదివినా కిక్కురుమనేది కాదు. 2023లో వచ్చిన 2.0 నుంచి మొదటి విలువను చూసి ఫార్మాట్ ఖాయం చేసుకుని, కలవకపోతే ఆగిపోతోంది. ఏ వెర్షన్ అయినా ఫార్మాట్ మీరే రాయడం మేలు. టైమ్ సంగతీ అంతే. మన గడియారం ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీకి ఎప్పుడూ అయిదున్నర గంటలు ముందుంటుంది. వాళ్లది మార్చి రెండో ఆదివారం ఒకసారి, నవంబర్ మొదటి ఆదివారం ఒకసారి గంట మారుతుంది. నవంబర్‌లో ఆ రోజు 1 నుంచి 2 మధ్య గంట రెండుసార్లు వస్తుంది, మార్చిలో 2:30 అన్నదే ఉండదు. అందుకే న్యూయార్క్ టైమ్‌లో 2:30కి తనంతట తాను నడిచేలా పెట్టిన ప్రోగ్రాం ఆ రోజు ఎగిరిపోవచ్చు. టైమ్‌స్టాంపులు యూటీసీలో దాచి, చూపించేటప్పుడే మార్చండి.

మన పిన్‌కోడ్ ఎప్పుడూ సున్నాతో మొదలుకాదు, అందుకని మనవాళ్లకు ఇంకో అనుమానం రాదు. బోస్టన్‌లో ఒక జిప్ కోడ్ 02108. కామాలతో విడదీసిన డేటా ఫైలు సీఎస్‌వీని మామూలుగా చదివితే అది 2108 అయి, జాయిన్‌లో ఆ ఊరే మాయమవుతుంది. ఇంతకన్నా దొంగ తప్పు పొడుగాటి ఐడీలది. అంకెల కాలమ్‌లో ఒక్క ఖాళీ ఉన్నా పాండాస్ దాన్ని ఫ్లోట్ (దశాంశ సంఖ్య) చేస్తుంది. ఫ్లోట్ 2 పవర్ 53 దాకానే ప్రతి పూర్ణాంకాన్నీ కచ్చితంగా పట్టుకుంటుంది, అంటే 16 అంకెల దగ్గరే గీత. 19 అంకెల ఐడీలో చివరి అంకెలు మెల్లగా మారిపోతాయి. ఎక్సెల్ అయితే 15 తర్వాత సున్నాలు పెట్టేస్తుంది. కూడికలు, తీసివేతలు చేయని అంకె ఏదైనా చదివేటప్పుడే స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) చదవండి.

పేర్ల మీద జాయిన్ మాత్రం వద్దు. మనకు ఇంటిపేరు ముందు, ఇక్కడివాళ్లలో చాలామందికి ఇనిషియలే. ఒకే మనిషి మూడు సిస్టమ్‌లలో మూడు రకాలుగా ఉంటాడు.

తెలుగు డేటా చేతికొస్తే పాత పజిళ్లు కూడా తిరగబడతాయి. పాలిండ్రోమ్ (ఎటు చదివినా ఒకేలా ఉండే మాట) అవునో కాదో చూసే ప్రోగ్రాంకు ‘నటన’ ఇవ్వండి, పాసవుతుంది. ‘వికటకవి’ ఇవ్వండి, కాదంటుంది! కంప్యూటర్‌కు అది ఏడు కోడ్ పాయింట్లు (అన్ని లిపుల గుర్తులకూ యూనికోడ్ ఇచ్చే నంబర్లు): వ, గుడి, క, ట, క, వ, గుడి. తిప్పితే గుడి ముందుకొచ్చి అక్షరం విరుగుతుంది. ‘స్త్రీ’ మన కంటికి ఒక్కటే, యూనికోడ్‌లో ఆరు, వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్ల చొప్పున 18. బైట్లతో కొలిచే డేటాబేస్‌లో పేరుకు 20 బైట్ల కాలమ్ పెడితే ‘స్త్రీ’ తర్వాత మరో అక్షరం పట్టదు. తిప్పాలన్నా, కత్తిరించాలన్నా గ్రాఫీమ్ క్లస్టర్లుగా (కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరాలుగా) విడదీయాలి. పైథాన్‌లో అందుకు రెజెక్స్ అనే విడి లైబ్రరీ ఉంది. దాంట్లో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ వాడితే గుణింతాలు విడిపోకుండా వస్తాయి. వత్తుల విషయంలో మాత్రం వెర్షన్ చూసుకోండి. తెలుగు వత్తును ముందక్షరంతో కలిపి ఉంచే నియమం యూనికోడ్‌లోకి 2023లో, 15.1తోనే వచ్చింది. పాత లైబ్రరీలు ‘స్త్రీ’ని మూడు ముక్కలు చేస్తాయి.

ఆ ఫైలునే సీఎస్‌వీగా పంపితే అవతల ఎక్సెల్‌లో తెలుగు బదులు పిచ్చిగీతలు కనిపించే అవకాశం ఎక్కువ. దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-8-సిగ్’ అని ఇస్తే ఫైలు మొదట్లో మూడు బైట్ల గుర్తు పడి, ఎక్సెల్ సరిగ్గా చదువుకుంటుంది. అయితే ఆ ఫైలు మళ్లీ ఏ ప్రోగ్రాంకైనా వెళ్లేదుంటే, చదివేటప్పుడూ అదే పేరు ఇవ్వండి. లేకపోతే ఆ గుర్తు మొదటి కాలమ్ పేరుకు అంటుకుంటుంది, కళ్లెదుట కనిపిస్తున్న కాలమ్ లేదని కొన్ని ప్రోగ్రాంలు మొండికేస్తాయి.