రెండు చీట్లు

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కి నాకు విశాఖలోనూ తిరుపతిలోనూ సీటొచ్చింది. మూడు రోజులైనా ఇంట్లో తేలలేదు. చివరికి అమ్మ క్యాలెండర్ కాగితం చింపి రెండు చీట్లు రాసి, పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. పక్కింటి పిల్లాడు ఒకటి తీశాడు. విశాఖ. రెండో చీటీ మీద కూడా విశాఖే ఉందని నాకు పదేళ్ల తర్వాత తెలిసింది.

విశాఖలోనే గైగర్ కౌంటర్ చూశాను. రేడియోధార్మిక పదార్థం నుంచి కణం వచ్చి తగిలినప్పుడల్లా టిక్కుమని లెక్కపెట్టే పరికరమది. అదే రేడియోధార్మిక సీజియం, అదే దూరం, అదే వోల్టేజి. అయినా లెక్క నిమిషానికి ఓసారి 412, ఓసారి 389, ఇంకోసారి 431. వైరు వదులైందేమోనని కదుపుతుంటే సారు నవ్వారు. "వైరుది కాదయ్యా, దాని తీరే అంత." సీజియం-137లో సగం తరిగిపోవడానికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. ఫలానా కేంద్రకం ఇవాళే ఎందుకు పేలిందంటే మాత్రం, పరమాణువుల తీరు చెప్పే క్వాంటం సిద్ధాంతం దగ్గర జవాబు లేదు.

నాకు భలే ఉత్సాహమొచ్చింది. లోకం ఇప్పుడెలా ఉందో పూర్తిగా తెలిస్తే రేపటిని లెక్కగట్టేయొచ్చని 1814లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ రాశాడు. ఆ లెక్క తప్పిందంటే మన ఇచ్ఛకి చోటు దొరికినట్టే కదా! హాస్టల్లో అదే అంటే నా రూమ్మేటు, "నీ బుర్రలో ఆ కౌంటరు పెడతాను. టిక్కుమంటే కాఫీ, లేకపోతే టీ. అది నీ ఇష్టమేనా?" అన్నాడు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో రోమన్ కవి లుక్రీషియస్ కూడా పరమాణువులు ఉన్నట్టుండి కాస్త పక్కకి ఒరుగుతాయనీ, మన స్వేచ్ఛ అక్కణ్నించే వస్తుందనీ రాశాడు. మా రూమ్మేటు ప్రశ్న ఆయనకీ తగులుతుంది.

దీనికి గట్టి జవాబు చెప్పబోయింది అమెరికన్ తాత్వికుడు రాబర్ట్ కేన్. మీటింగుకి పరిగెడుతున్న ఒకావిడకి సందులో ఎవరినో కొడుతున్నట్టు కనిపించింది. ఆగాలని ఉంది, వెళ్లాలనీ ఉంది. రెండువైపులా లాగుతున్నది ఆవిడ మనసే. ఏది నెగ్గుతుందో ముందే తేలి ఉండదు, ఏది నెగ్గినా ఆవిడదే అంటాడు కేన్. నచ్చింది. కానీ అదే మనిషి, అవే కారణాలు, అంతే పెనుగులాట. ఓ లోకంలో ఆగి, మరో లోకంలో వెళ్లిపోతే ఆ తేడా ఎవరి ఖాతాలో వేయాలి? నాకు అక్కడ మళ్లీ టిక్కు వినపడుతుంది.

చీట్ల సంగతి బయటపడ్డ రోజు అమ్మని కోపంగానే అడిగాను, ఎందుకలా చేశావని.

"మూడు రాత్రులు నిద్రపోలేదు. నీకు జ్వరమొస్తే చూసే దిక్కు పిన్నేగా, అది ఉన్నది విశాఖలో. ఇంకోలా ఎలా రాస్తాన్రా?"

మొత్తం వ్యవహారంలో స్వేచ్ఛగా నిర్ణయం తీసుకుంది ఆవిడొక్కతేననిపించింది. పిల్లాడికి మాత్రం చీటీ తీసినందుకు బెల్లంముక్క దక్కింది.